చూలాలికి, బాలింతకు నలుగురి తోడు

మీ ఇంటికో, పక్కింటికో ఈ మధ్య కొత్త కోడలు వచ్చిందా? సిరిసిల్ల నుంచి సోలాపూర్‌కో, ఇచ్ఛాపురం నుంచి బరంపురానికో, గుంతకల్లు నుంచి బళ్లారికో, కుప్పం నుంచి హోసూరుకో వచ్చి ఉంటుంది. ఏడాది తిరక్కుండానే ఆమె నీళ్లోసుకుంది. ఇంట్లో అందరికీ సంతోషమే. కానీ ఆ అమ్మాయిని ఒక్కసారి గమనించండి. అత్తగారితో చెప్పుకోలేనివి, భర్తకు అర్థం కానివి, డాక్టరు ముందు అడగడానికి సిగ్గుపడేవి ఆమెకు ఎన్నో ఉంటాయి.

ఆస్పత్రికి వెళితే నర్సు మరాఠీలోనో, ఒడియాలోనో, కన్నడంలోనో, తమిళంలోనో గబగబా ఏదో చెబుతుంది. ఈ అమ్మాయి తలూపుతుంది. ఇంటికొచ్చాక "ఏం చెప్పారమ్మా?" అని అడిగితే "అంతా బాగానే ఉందన్నారు" అంటుంది. నర్సు చెప్పింది కాళ్ల వాపు గురించి కావచ్చు. రక్తపోటు గురించి కావచ్చు. మళ్లీ ఎప్పుడు రావాలో కావచ్చు. తరతరాలుగా అక్కడే ఉన్న మనకు ఆ ఊరి భాష ఇంటి భాష లాంటిదే. నిన్న మొన్న వచ్చిన ఆమెకు కాదు. ఈ చిన్న తేడా ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది.

యానాంలో ఉన్నవారికి ఈ భాష చిక్కు లేదు. కానీ ఒంటరితనం అక్కడా ఉంది. ఉమ్మడి కుటుంబాలు తగ్గాయి. పుట్టింటివారు పదిహేను రోజులకు మించి ఉండలేని రోజులివి. శ్రీమంతం నాడు వచ్చిన ముత్తయిదువులు గాజులు తొడిగి, భోజనం చేసి వెళ్లిపోతారు. ఆ తర్వాత కాన్పు దాకా, కాన్పయ్యాక ఏడాది దాకా ఆమెతో మాట్లాడేదెవరు? ఈ వారం మనం చెప్పుకోబోయేది ఏ చూర్ణం గురించో, మాజూన్ గురించో కాదు. చూలాలి చుట్టూ, బాలింత చుట్టూ ఉండవలసిన నలుగురు ఆడవాళ్ల గురించి.

యునానీ ఏమంటుంది?

యునానీ వైద్యంలో ఆరోగ్యానికి తప్పనిసరి అయిన ఆరు అంశాలున్నాయి. వీటిని 'అస్బాబె సిత్తా జరూరియా' అంటారు. గాలి, అన్నపానాలు, శరీరానికి కదలిక–విశ్రాంతి, మనసుకు కదలిక–విశ్రాంతి, నిద్ర–మెలకువ, శరీరంలో ఉండవలసినవి నిలవడం–పోవలసినవి బయటికి పోవడం. ఈ ఆరూ సమంగా ఉంటే మిజాజ్, అంటే శరీర తత్వం, నిలకడగా ఉంటుందని హకీములు చెబుతారు.

ఇందులో నాలుగోది గమనించండి. దాన్ని 'హరకత్ ఒ సుకూనె నఫ్సానీ' అంటారు. కోపం, దుఃఖం, భయం, సంతోషం, ఇవన్నీ దాని కిందికే వస్తాయి. తిండికీ గాలికీ ఇచ్చిన స్థానమే మనసుకూ ఇచ్చారు. ఇబ్నె సీనా (980–1037) తన 'అల్ ఖానూన్' గ్రంథంలో పాలిచ్చే స్త్రీ గురించి రాస్తూ ఆమె తిండినీ ఒంటినీ మాత్రమే కాదు, స్వభావాన్నీ మనఃస్థితినీ చూడమన్నారు. బిడ్డకు రెండు మేలు చేస్తాయన్నారు: ఒకటి మెల్లగా ఊపడం, రెండోది పాట. మన ఉయ్యాల, మన జోలపాట అవే కదా! పదో శతాబ్దంలో ఈజిప్టులో అహ్మద్ బిన్ ముహమ్మద్ అల్ బలదీ గర్భిణుల, పసిపిల్లల సంరక్షణ మీదే ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశారు. అంటే ఈ చింత నేటిది కాదు.

అయితే మనసుకు విశ్రాంతినిచ్చే మందు దుకాణంలో దొరకదు. అది మనుషుల దగ్గరే దొరుకుతుంది. తనలాగే కడుపుతో ఉన్న ఇంకో అమ్మాయి "నాకూ అలాగే ఉంది అక్కా" అంటే సగం భయం పోతుంది. మిగతా సగం పోవాలంటే ఏం చెయ్యాలో తెలిసినవాళ్లు పక్కన ఉండాలి.

పరీక్షించి చూసిన మాట

నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే ఏం ఒరుగుతుందని మీకు అనుమానం రావచ్చు. జార్ఖండ్‌లోని పశ్చిమ సింగ్‌భూమ్, సరాయికేలా ఖర్సావాన్ జిల్లాల్లో, ఒడిశాలోని కెందుఝర్ జిల్లాలో 2005 నుంచి 2008 వరకు 'ఏక్‌జుట్' అనే సంస్థ, లండన్ పరిశోధకులు కలిసి ఈ సంగతిని పరీక్షించారు. మొత్తం 36 ప్రాంతాలు తీసుకుని, సగం ప్రాంతాల్లో మహిళా బృందాలను నడిపారు. నెలకోసారి సమావేశం. నడిపించేది డాక్టరు కాదు, ఆ ప్రాంతపు మహిళే. బొమ్మల కార్డులు, కథలు, ఆటల సాయంతో తమ ఊళ్లో తల్లులకూ పసికందులకూ వచ్చే ఇబ్బందులేమిటో వాళ్లే గుర్తించారు. ఏం చెయ్యాలో వాళ్లే నిర్ణయించుకున్నారు.

ఫలితాలు 2010లో 'ది లాన్సెట్' పత్రికలో వచ్చాయి. బృందాలున్న చోట పుట్టిన నెలలోపు శిశువుల మరణాలు మూడేళ్లలో 32 శాతం తక్కువగా నమోదయ్యాయి. చివరి రెండేళ్లే తీసుకుంటే 45 శాతం తక్కువ. ఇంకో విశేషం, మూడో ఏడాదిలో తల్లుల్లో ఒక మోస్తరు మానసిక కుంగుబాటు 57 శాతం తక్కువగా కనిపించింది. మందు ఇవ్వలేదు. మాట కలిపారు, పని పంచుకున్నారు, అంతే.

2013లో భారత్, బంగ్లాదేశ్, నేపాల్, మలావీలలో జరిగిన ఏడు అధ్యయనాలను కలిపి చూశారు. గర్భిణుల్లో కనీసం 30 శాతం మంది బృందాల్లో పాల్గొన్న చోట మేలు ఎక్కువగా ఉందని తేలింది. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, ముఖ్యంగా వైద్య సేవలు సరిగా అందని పల్లెల కోసం, ఈ పద్ధతిని సిఫారసు చేసింది.

నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ముంబై మురికివాడల్లో ఇలాంటి బృందాలతోనే చేసిన అధ్యయనం ఫలితాలు 2012లో వచ్చాయి. అక్కడ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి బృందం పెట్టేశాం, పని అయిపోయింది అనుకోకూడదు. అసలు గర్భిణులే రాకుండా మిగతావారు కూర్చుని కబుర్లు చెప్పుకుంటే లాభం లేదు. మాట్లాడుకున్నది చేతల్లోకి రావాలి.

మీ వాడలో ఎలా మొదలుపెట్టాలి?

పెద్ద ఖర్చేమీ లేదు. ఒక చాప, ఒక మంచినీళ్ల బిందె, నెలకు ఒక మధ్యాహ్నం చాలు. సంఘం భవనం, గుడి మండపం, మదర్సా గది, చర్చి ఆవరణ, అంగన్‌వాడీ కేంద్రం, ఏదైనా ఫరవాలేదు. మగ్గం పనికీ బీడీల పనికీ అడ్డు రాని వేళ చూసుకోండి. పది, పదిహేను మంది చాలు. అందులో ఈ నలుగురు తప్పకుండా ఉండాలి.

ఒకరు, కడుపుతో ఉన్నవారు. రెండోవారు, రెండేళ్లలోపు బిడ్డ ఉన్న తల్లి. ఆమె అనుభవం ఇంకా పచ్చిగా ఉంటుంది. మూడోవారు, అందరూ మాట వినే ఒక పెద్దావిడ. నాలుగోవారు, ఆ రాష్ట్ర భాష చదవడం రాయడం వచ్చిన ఆడపడుచు. తల్లీబిడ్డల కార్డు చదివి తెలుగులో చెప్పవలసింది ఈ నాలుగో ఆమే. కొత్త కోడలితో పాటు ఆస్పత్రికి తోడు వెళ్లవలసిందీ ఆమే. అక్కడే పుట్టి పెరిగిన మన ఆడపిల్లలు చెయ్యగలిగిన అతి పెద్ద సాయం ఇది.

అంగన్‌వాడీ కార్యకర్తనూ, ఆశా కార్యకర్తనూ, తమిళనాడులోనైతే గ్రామ ఆరోగ్య నర్సునూ పిలవండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేసే కార్యక్రమం 2016 నుంచి ఉంది. ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పు, అవసరమైతే ఆపరేషన్, మందులు, రవాణా ఉచితంగా అందించే పథకం 2011లో మొదలైంది. తమిళనాడులో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పేరిట ప్రసూతి సాయం పథకం 1987 నుంచి ఉంది. ఇవి ఉన్నాయని తెలియకనే చాలామంది అప్పు చేస్తారు. ఏ పథకానికి ఏ కాగితాలు కావాలో బృందంలో ఒకరు తెలుసుకుని మిగతావారికి చెబితే చాలు.

ఒక్క నియమం మరవకండి. శ్రీమంతానికి కొందరిని పిలవరు. గర్భం పోయినవారిని, బిడ్డను పోగొట్టుకున్నవారిని, భర్త లేనివారిని పక్కన పెడతారు. మీ బృందంలో అలా చెయ్యకండి. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి అందరికంటే ఎక్కువ తోడు కావాలి. ఏ లక్షణాన్ని తేలిగ్గా తీసుకోకూడదో చెప్పగలిగేది కూడా ఆమే.

ఆరు నెలలు, ఆరు ముచ్చట్లు

నెలకొక అంశం చొప్పున యునానీ ఆరు సూత్రాలనే మీ సమావేశాలకు వరుసగా పెట్టుకోండి.

మొదటి నెల, గాలి. వంటింటి పొగ, మగవారి బీడీ సిగరెట్ల పొగ, మగ్గాల దగ్గర నూలు ధూళి గురించి మాట్లాడుకోండి. బీడీలు చుట్టేవారు కడుపుతో ఉన్నప్పుడు వీలైతే ఆ పని మానుకోవడం మేలు. తప్పకపోతే కిటికీలు తీసి ఉంచాలి. పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కుని, చీర మార్చుకుని, ఆ తర్వాతే బిడ్డను ఎత్తుకోవాలి. బాలింత గది తలుపులన్నీ మూసి బొగ్గుల కుంపటి పెట్టడం ప్రమాదం. ఆ విషవాయువు కంటికి కనిపించదు, తల్లికీ బిడ్డకూ హాని చేస్తుంది.

రెండో నెల, అన్నపానాలు. ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందన్నది అపోహ. పప్పు, ఆకుకూరలు, మునగాకు, రాగులు, గుడ్డు, పాలు వీలును బట్టి రోజూ ఉండాలి. ఐరన్ మాత్రలు గర్భిణిగా 180 రోజులు, కాన్పు తర్వాత 180 రోజులు వేసుకోవాలి. మాత్ర వేసుకున్నప్పుడు టీ తాగకండి, నిమ్మరసం తాగితే మంచిది. బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వడం తప్పు, పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ. ముస్లిం ఇళ్లలో చేసే హరీరా, మన ఇళ్లలో చేసే కాయం అరిగినంత మేరకే ఇవ్వండి. షుగరు ఉన్నవారికి బెల్లం, నెయ్యి విషయంలో వైద్యుల సలహా తీసుకోండి.

మూడో నెల, ఒంటికి కదలిక, విశ్రాంతి. నడక మంచిదే, బరువులు ఎత్తడం కాదు. మధ్యాహ్నం ఓ గంట ఎడమ పక్కకు తిరిగి పడుకోనివ్వండి. యునానీలో మర్దనను 'దలక్' అంటారు. కాళ్లకూ నడుముకూ మెల్లగా చేస్తే హాయి. అయితే ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెడుతుంటే మర్దన చెయ్యకుండా డాక్టరుకు చూపించాలి. పొట్ట మీద మాత్రం ఎప్పుడూ మర్దన చెయ్యకూడదు. ఆపరేషన్ అయినవారి కుట్ల దగ్గర అసలే వద్దు.

నాలుగో నెల, మనసు. ఈ నెల ఎవరూ సలహా ఇవ్వకండి. వినండి. దీని గురించి కింద మరికొంత చెప్పుకుందాం.

ఐదో నెల, నిద్ర. రాత్రి పాలివ్వాలి, పగలు పని చెయ్యాలి అంటే ఏ తల్లీ తట్టుకోలేదు. బిడ్డ నిద్రపోయినప్పుడు తల్లీ నిద్రపోవాలి. బృందంలోని వాళ్లు వంతులు వేసుకుని రోజుకు రెండు గంటలు ఆ బిడ్డను చూసుకుంటే, ఆ రెండు గంటలూ ఏ టానిక్కూ ఇవ్వలేని బలాన్నిస్తాయి.

ఆరో నెల, నిలవడం, పోవడం. మలబద్ధకం, మూత్రంలో మంట, కాన్పు తర్వాత రక్తస్రావం (నిఫాస్), ఇవి సిగ్గుతో దాచే విషయాలు. బృందంలో దాపరికం వద్దు. మలబద్ధకానికి నీళ్లు, పీచు పదార్థాలు మొదటి వైద్యం. ఆముదం, సునాముఖి వంటి భేదిమందులు గర్భిణికి సొంతంగా ఇవ్వకండి. గర్భిణికి విరేచనాలు చేయించడంలో పాత హకీములు సైతం జాగ్రత్త చెప్పారు.

మందుల విషయంలో కట్టుబాటు

నలుగురు చేరిన చోట మంచి మాట ఎంత త్వరగా పాకుతుందో, చెడ్డ సలహా కూడా అంతే త్వరగా పాకుతుంది. అందుకే "మా చెల్లెలికి ఇది పనిచేసింది" అంటూ ఎవరూ మందు చెప్పకూడదని మొదటి రోజే కట్టుబాటు పెట్టుకోండి. యునానీ మందులు మూలికలే కదా, హాని చెయ్యవు అనుకోవడం పొరపాటు. బహిష్టును తెప్పించే మందులను 'ముదిర్రె హైజ్' అంటారు. కలబంద నుంచి తీసే ముసబ్బరం వంటివి ఈ కోవలోవే. ఇవి గర్భిణికి నిషిద్ధం. కుష్తాలు, అంటే భస్మాలు, కూడా సొంతంగా వాడకూడదు.

కొన్ని పాత గ్రంథాల్లో పుట్టిన బిడ్డకు తేనె నాకించమనీ, తొలి రోజుల్లో తల్లి పాలకు బదులు వేరే స్త్రీ పాలు పట్టించమనీ ఉంది. ఆ కాలానికి తెలిసినది అంత. తొలి ముర్రుపాలలో రోగాలను ఎదుర్కొనే శక్తి ఉందని నేడు మనకు తెలుసు. బిడ్డ పుట్టిన గంటలోపే తల్లిపాలు పట్టాలి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దు. ఏడాదిలోపు పిల్లలకు తేనె ప్రమాదకరం. పెద్దలను గౌరవించడమంటే వారు చెప్పినదాన్ని నేటి జ్ఞానంతో సరిచూసుకోవడమే.

ఆలస్యం వద్దు

కింది లక్షణాలను ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో, ఆ రాష్ట్ర భాషలో రాసి సమావేశం జరిగే గోడకు అంటించండి. వీటికి ఇంటి వైద్యం లేదు, యునానీ మందు లేదు, బృందం చర్చ లేదు. వెంటనే ఆస్పత్రికే.

గర్భిణికి: రక్తస్రావం, తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం చేతులు వాయడం, ఫిట్స్, జ్వరం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం.

బాలింతకు: గంటలోపే గుడ్డ తడిసిపోయేంత రక్తస్రావం, దుర్వాసనతో స్రావం, జ్వరం, ఆయాసం, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టడం.

పసికందుకు: పాలు తాగకపోవడం, ఒళ్లు చల్లబడటం లేదా కాలిపోవడం, వేగంగా ఊపిరి తీయడం, ఫిట్స్, అరచేతులు అరికాళ్లు పచ్చబడటం.

ఏ వాహనం పిలవాలి, ఎవరు తోడు వెళ్లాలి, ఇంట్లో పెద్ద పిల్లలను ఎవరు చూడాలి అన్నవి ఎనిమిదో నెలలోపే నిర్ణయించుకోండి. ఆస్పత్రిలో కాన్పయ్యాక 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి చూడాలి. రాకపోతే బృందం నుంచి ఒకరు వెళ్లి అడగండి.

కన్నీళ్లను తేలిగ్గా తీసుకోకండి

కాన్పయిన మొదటి వారం, పది రోజుల్లో ఊరికే ఏడుపు రావడం, చిరాకు పడటం మామూలే. తోడు, నిద్ర దొరికితే చాలావరకు తగ్గిపోతుంది. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, బిడ్డ పడుకున్నా తల్లికి నిద్ర పట్టకపోతే, బిడ్డ మీద మమకారం కలగడం లేదని కుమిలిపోతుంటే అది జబ్బు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రచురించిన పరిశీలనలో సుమారు 22 శాతం తల్లుల్లో ఇలాంటి కుంగుబాటు కనిపించింది. అంటే మీ బృందంలో పదిమంది బాలింతలుంటే ఇద్దరికి ఉండవచ్చు. "బిడ్డ పుట్టింది, ఇంకా ఏడుపేమిటి?" అనకండి. ఆడపిల్ల పుట్టిందని దెప్పే ఇల్లయితే పెద్దావిడ వెళ్లి ఆ ఇంటివారితో మాట్లాడాలి.

చచ్చిపోవాలనిపిస్తోందని ఆమె అన్నా, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోందన్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా గాలి సోకిందని తాయెత్తుల కోసం తిరగకండి. ఆమెను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. టెలిమానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఇంట్లో కొట్టడం, హింసించడం ఉంటే మహిళల సహాయ నంబరు 181. బృందంలో చెప్పుకున్న ఇంటి గుట్టు బయటికి పొక్కకూడదు. ఒక్కసారి పొక్కిందా, మరుసటి నెల ఎవరూ నోరు విప్పరు.

యునానీ సలహా కావాలంటే

అర్హత ఉన్న వైద్యుల దగ్గరికే వెళ్లండి. బెంగళూరులో మాగడి రోడ్డున ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యునానీ మెడిసిన్‌లో స్త్రీల వ్యాధులకు, ప్రసూతికి ప్రత్యేక విభాగం ఉంది. చెన్నై, ముంబై, ఒడిశాలోని భద్రక్‌లలో కేంద్ర యునానీ పరిశోధన మండలి ప్రాంతీయ సంస్థలున్నాయి. ఎక్కడికి వెళ్లినా గర్భిణి అన్న సంగతి, నెలలు, వాడుతున్న మందులు ముందుగా చెప్పండి. ఆస్పత్రిలో నెలనెలా పరీక్షలు మాత్రం మానవద్దు.

ఈ పేజీ చదివి పక్కన పెట్టేయకండి. మీ వాడలో ఇప్పుడు కడుపుతో ఉన్నవారెవరో ఒకసారి లెక్క వేసుకోండి. వచ్చే నెల పదిమంది రాకపోయినా ఫరవాలేదు. ముగ్గురితోనైనా మొదలుపెట్టండి. మొదట ఆ కొత్త కోడలి ఇంటికి వెళ్లి, ఆమె చేతిలోని కార్డు అడిగి తీసుకుని, అందులో ఏం రాసి ఉందో ఆమెకు తెలుగులో చదివి చెప్పండి.